నూట పద్నాలుగు ఒకవేళలు

పెద్ద అడవి ఒకటి ఉండేది. ఎంత పెద్దదంటే, తూర్పు కొసన పుట్టిన పుకారు పడమటి కొసకి చేరేసరికి దానికి పెళ్ళయి, పిల్లలు కూడా పుట్టేసేవారు. ఆ అడవిలో అలివేలు అనే అలుగు కాపురం ఉండేది.

మీరు అలుగుని చూశారో లేదో నాకు తెలీదు. ఒళ్ళంతా పొలుసులు, మూరెడు నాలిక, నోట్లో మచ్చుకైనా పన్నుండదు. చీమలూ చెదపురుగులూ తిని బతుకుతుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. మిగతా అలుగులు పులి కనిపిస్తే చుట్టుకునేవి. మా అలివేలు పులి గుర్తొస్తే చాలు, చుట్టుకునేది. పులి ఓ పూట గుర్తుకి రాకపోతే, ఎందుకు రాలేదా అని మళ్ళీ చుట్టుకునేది.

తిండికి బయల్దేరిందంటే అదో పెద్ద తతంగం. దారిలో వాగుంది కదా, వాగు పొంగితే? పొంగకపోతే రాళ్ళు తేలతాయి, రాళ్ళు తేలితే కాలు జారదా? జారితే ఎటు పడాలి? అటు పడితే ముళ్ళు, ఇటు పడితే బురద. ఎటు పడితే మేలో తేలేసరికి కడుపులో ఆకలి కాస్తా చచ్చి ఊరుకునేది.

పక్క గుహలో గంగులు అనే ఎలుగుబంటి ఉండేవాడు. తినడం, పడుకోవడం, ఒళ్ళు గోక్కోవడం, ఈ మూడు పనులూ మహా శ్రద్ధగా చేసేవాడు. అలివేలు అవస్థ చూడలేక ఒకరోజు అడిగేశాడు.

"వదినా, ఇంకా గుమ్మం దాటలేదు నువ్వు. అప్పుడే వాగులో పడ్డావా?"

"పడకముందే ఆలోచిస్తే తప్పేంటి మరిదీ? పడ్డాక అంత తీరికుంటుందా?"

గంగులు ఒళ్ళు గోక్కుని వెళ్ళిపోయాడు.

అలివేలుకి ఒక్కగానొక్క కూతురు, పేరు గవ్వ. అసలు కథంతా ఈ పిల్ల గురించే.

అలుగుల్లో ఒక ఆచారం ఉంది. పుట్టిన పిల్లని తల్లి తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. తొలకరి పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి చూడండి, అవే, రెక్కలొచ్చిన చెదపురుగులు, ఆ ఎగిరే ఉసిలిని పిల్ల తన నాలికతో తానే అందుకుని మింగాలి. మింగిన పిల్ల ఆ క్షణమే తోక దిగుతుంది. మర్నాటి నుంచి దానికి పుట్ట తవ్వడం నేర్పుతారు. మనకి అక్షరాభ్యాసం ఎలాగో వాళ్ళకి అదలాగ. ఉసిళ్ళు లేచేది ఏడాదికి ఒక్క సాయంత్రం, అదీ పావుగంటే. ఆ తర్వాత రెక్కలు రాలిపోయి నేల మీద పాకుతాయి. పాకేవాటిని బుట్టెడు మింగినా లెక్కలోకి రాదు.

కిందటేడు గవ్వకి అది తప్పిపోయింది. వాన పడుతోందని తెలుసు, ఉసిళ్ళు లేస్తాయనీ తెలుసు. కానీ ఎర్రపుట్ట దగ్గరికి వెళ్ళాలా, నల్లపుట్ట దగ్గరికా? అలివేలు చుట్టుకుని ఆలోచించింది. ఎర్రపుట్టే మేలని తేల్చుకుని అక్కడికి చేరేసరికి నేల నిండా రాలిన రెక్కలే. ఈడు పిల్లలంతా తోకలు దిగి బురదలో గంతులేస్తున్నారు. గవ్వ ఒక్కతే తల్లి తోక మీద కూర్చుని చూసింది. ఏడవలేదు పాపం, అదే అలివేలుకి ఎక్కువ బాధేసింది.

ఇప్పుడు గవ్వ తల్లిలో సగం బరువుంది. "తోకపిల్ల వచ్చిందిరోయ్" అని వెక్కిరింపులు. అదీ కాక, రెండు తొలకరులు తప్పిన పిల్లకి గోళ్ళు మొద్దుబారి ఊడిపోతాయట, ఇక పుట్ట తవ్వలేదట. అలుగై పుట్టి పుట్ట తవ్వలేకపోతే దాని బతుకేం కాను, చెప్పండి?

"అమ్మా, ఈసారి వెళ్దామా?" అని గవ్వ రోజూ అడిగేది.

"వెళ్దాం తల్లీ. ఈసారి బాగా ఆలోచించి మరీ వెళ్దాం."

"అందుకే భయంగా ఉందమ్మా."

ఇలా ఉండగా, కిందటేటి తొలకరికే అడవిలో ఇంకో ఉపద్రవం జరిగింది. సింహం ప్రభువులు ఆవలిస్తుంటే రెండు ఉసిళ్ళు ముక్కులో దూరాయి. మూడు రోజులు ఏకధాటిగా తుమ్మారు. తుమ్ము తుమ్ముకీ "చిరంజీవ, చిరంజీవ" అనలేక దర్బారంతా గొంతులు బొంగురుపోయాయి. నాలుగో రోజు ప్రభువులు ముక్కు తుడుచుకుని గర్జించారు.

"ఇలా జరుగుతుందని ముందుగా ఒక్కరైనా ఆలోచించారా?"

అందరూ కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి నక్క, పేరు ధర్మలింగం. ఏ కష్టమొచ్చినా దానికో శాఖ పెట్టించి, ఆ శాఖ తన చేతిలో పెట్టుకోవడం ఆయన విద్య. ఆయన సన్నగా దగ్గాడు.

"ఆలోచించేవాళ్ళమే ప్రభూ. కానీ అధికారం ఎక్కడిది? ఆలోచించడానికి మనకంటూ ఒక శాఖే లేదు."

అలా పుట్టింది ముందాలోచన శాఖ. మర్నాడే నిబంధనలు వచ్చిపడ్డాయి.

ఇకమీదట ఎవరు ఉసిళ్ళు తినాలన్నా 'ఒకవేళ పత్రం' పెట్టుకోవాలి. అందులో తక్కువలో తక్కువ ఇరవై ఒక్క ఒకవేళలుండాలి. ఒక్కోదానికి జవాబుండాలి. పత్రాన్ని సభలో పైకి చదవాలి, ఒక్కో ఒకవేళకి గుమస్తా తాబేలు సాంబమూర్తి ముద్ర కొట్టాలి. సాంబమూర్తి ముద్ర కొట్టగానే తల లోపలికి లాక్కునేవాడు. మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో సాంబమూర్తికే తెలీదు.

"ఇంకో మాట," అన్నాడు ధర్మలింగం. "పత్రాలు మబ్బు పట్టిన రోజునే పరిశీలిస్తాం. ముందే పరిశీలించేస్తే, ఈలోగా పరిస్థితులు మారిపోవచ్చు కదా. చివరిగా అత్యవసర నిబంధన. తొలి చినుకు పడగానే అందరూ కళ్ళు మూసుకుని, ప్రభువుల ముక్కుకి ఏమేం ముప్పు రావచ్చో పావుగంట సేపు ఆలోచించాలి. ఎవరూ కళ్ళు తెరవకూడదు."

అందరూ తలలూపారు. పావుగంటే ఎందుకు, అరగంట ఎందుకు కాదు అని ఒక్కరూ అడగలేదు. మీకు చెప్తే తప్పేముంది, ధర్మలింగానికి ఉసిళ్ళంటే ప్రాణం. ఏటా గంగులు లాంటివాళ్ళు ముందుపడి మెక్కేస్తే ఆయనకి మిగిలేవి రెక్కలే. ఈ ఏడు అడవి మొత్తం కళ్ళు మూసుకుంటుంది, ఆయన నోరు తెరుచుకుంటుంది. అదీ పథకం.

పత్రాలు రాయడం మొదలైంది. గంగులు మూడు వారాలు తల పట్టుకుని రెండు రాశాడు. "ఒకవేళ కడుపు నిండితే? పడుకుంటాను. ఒకవేళ నిండకపోతే? ఇంకా తింటాను." సాంబమూర్తి దాన్ని తిప్పి పంపాడు. జింకలు ఐదు దాకా లాగాయి. నెమలి తొమ్మిది రాసింది గానీ, తొమ్మిదీ తన పింఛం తడవడం గురించే.

అలివేలు ఒక్క పూటలో నూట పద్నాలుగు రాసింది. అదీ, ఆకు అయిపోయిందని ఆపింది.

ఆ పత్రం చదువుతుంటే ధర్మలింగానికి ముచ్చెమటలు పోశాయి. "ఒకవేళ ఉసిలి రెక్క గొంతుకి అడ్డం పడితే? ఒకవేళ అడ్డం కాకుండా నిలువుగా పడితే? ఒకవేళ మింగిన ఉసిలి కోసం పుట్టలో ఎవరైనా ఎదురుచూస్తుంటే? ఒకవేళ రుచి మరీ బాగుండి, వచ్చే ఏడు ఇంత బాగుండకపోతే?" ఆయన ఒకసారి చదివి పక్కన పెట్టాడు. నిద్ర పట్టక మళ్ళీ తీశాడు. మూడోసారి చదివాక అలివేలుకి కబురంపాడు.

"అమ్మా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా మీరు?"

"ఇంట్లోనేనండి. బయల్దేరదామనే అనుకుంటున్నాను."

"మీలాంటివాళ్ళు ఇంట్లో ఉండిపోతే అడవి ఏం బాగుపడుతుంది? ఈ రోజు నుంచి మీరే మా ప్రధాన ఆలోచనాధికారి. ఇదుగో, మీ రాయి."

నున్నటి రాయి, ఎత్తుగా ఉంది. అలివేలు ఎక్కి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి చూసి నవ్వనివాళ్ళు లేరు. ఇప్పుడేమో జింకలు వరసగా వచ్చి "అమ్మగారూ, ఇంకో ఒకవేళ ఏదైనా ఉంటే ఇప్పించండి" అని బతిమాలుతున్నాయి. సంతోషంతో ఆవిడ పొలుసులన్నీ గలగలలాడాయి. ధర్మలింగం అంత ఆప్యాయంగా ఎందుకు మాట్లాడుతున్నాడన్న అనుమానం మాత్రం రాలేదు. నూట పద్నాలుగు ఒకవేళలు రాసింది కదా, అందులో నక్క ఊసు ఎక్కడా లేదు.

"వదినా, రాయెక్కావు, బాగానే ఉంది. పిల్ల సంగతేంటి?" అన్నాడు గంగులు.

"దాని కోసమే కదా ఇదంతా! నా పత్రమే మొదటిది మరిదీ. నూట పద్నాలుగూ చదివి ముద్రలేయించుకున్నానంటే గవ్వకి ఇక అడ్డే లేదు. కిందటేడు సరిగ్గా ఆలోచించకే కదా తప్పిపోయింది."

గవ్వ తోక మీద నుంచి గంగులు వైపు చూసింది. గంగులు ఆకాశం వైపు చూశాడు.

ఎండలు మండి, మండి, ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎర్రపుట్ట ముందు సభ తీరింది. అడవి అడవంతా పత్రాలు పట్టుకుని వరసలో నిలబడింది. ప్రభువులు ముక్కు మీద తామరాకు కప్పుకుని ఓ పక్కన పడుకున్నారు. అలివేలు రాయెక్కి గొంతు సవరించుకుంది.

"ఒకటి. ఒకవేళ వాన పడకపోతే? తిరిగి ఇంటికి వెళ్తాను."

సాంబమూర్తి ముద్ర కొట్టాడు, తల లాక్కున్నాడు. అందరూ ఎదురుచూశారు. తల వచ్చింది.

"రెండు. ఒకవేళ తిరిగి వెళ్ళేటప్పుడు పడితే?"

గాలి తిరిగింది. తడిమట్టి వాసన ఎక్కడి నుంచో సన్నగా వచ్చింది. పుట్ట కన్నాల దగ్గర ఏదో మెదిలింది.

"అమ్మా, వాసనొస్తోంది," అంది గవ్వ.

"ఉండమ్మా, ముప్పై ఎనిమిదిలో ఉన్నాను."

"అమ్మా, కన్నాలు తెరుచుకుంటున్నాయి."

"ముద్ర పడనీ తల్లీ. పద్ధతి ప్రకారం వెళ్తే నిన్ను ఎవరూ కాదనలేరు." అలివేలు గొంతులో కంగారుంది. చదవడం తొందర చేసింది. సాంబమూర్తి తల మాత్రం తొందరపడలేదు.

అరవై మూడో ఒకవేళ సగంలో ఉండగా ఆవిడ ముక్కు మీద టప్పున చినుకు పడింది.

"అత్యవసరం! అత్యవసరం!" అని అరిచాడు ధర్మలింగం. "అందరూ కళ్ళు మూసుకోండి! ప్రభువుల ముక్కు గురించి ఆలోచించండి!"

అడవంతా కళ్ళు మూసుకుంది. ధర్మలింగం చప్పుడు చెయ్యకుండా పుట్ట వెనక్కి నడిచాడు.

అలివేలు కూడా కళ్ళు మూసుకుంది. అధికారి కదా, అందరికన్నా గట్టిగా మూసుకుంది. లోపల ఎప్పటిలాగే గిర్రున తిరగడం మొదలైంది. ఇది తొలకరేనా, ఉత్త జల్లా? జల్లయితే ఉసిళ్ళు లేవవు కదా. లేవకపోతే అసలు వాన ఎప్పుడు? అప్పటికి మళ్ళీ కొత్త పత్రం రాయాలా?

"అమ్మా, లేచాయి!"

"కళ్ళు మూసుకో గవ్వా."

"నాలిక అందట్లేదమ్మా. పైనుంచి పోతున్నాయి. తోక ఎత్తు!"

"ఎత్తితే... ఒకవేళ నువ్వు పడిపోతే?"

"పడితే లేస్తాను."

"ఒకవేళ దెబ్బ తగిలితే? ఒకవేళ..."

"అమ్మా!" అంది గవ్వ. "నాకు పుట్ట తవ్వాలని ఉందమ్మా. ఇంక నీ తోక మీద ఉండలేనమ్మా."

కిందటేడు ఏడవని పిల్ల ఇప్పుడు ఏడుస్తోంది. తోక మీద దాని ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. అలివేలు కళ్ళు తెరిచింది.

చుట్టూ ఉసిళ్ళే. వాన ఓ పక్క పడుతోంది, పడమట మబ్బు కింద నుంచి ఎండ ఓ పక్క కొడుతోంది, ఆ రెంటి మధ్య వేలకి వేల రెక్కలు తళతళలాడుతూ పైకి లేస్తున్నాయి. అలివేలు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. ఇంత వయసొచ్చింది, ఇన్ని తొలకరులు వెళ్ళాయి, ఉసిళ్ళ గురించి ఆవిడకి తెలియని ఒకవేళ లేదు. తీరా ఎగిరే ఉసిళ్ళని ఇలా చూడటం ఇదే మొదటిసారి. తన తల్లి తోక దిగిన రోజు కూడా భయంతో కళ్ళు మూసుకునే మింగింది మరి.

"అబ్బ, ఇవి ఇలా ఉంటాయా!" అంది.

"ఎత్తమ్మా!"

అరవై నాలుగో ఒకవేళ గొంతు దాకా వచ్చింది. అలివేలు దాన్ని మింగేసి, రాయి అంచున గోళ్ళు దిగేసి, ఉన్న బలమంతా పెట్టి తోక ఎత్తింది. నడుము కలుక్కుమంది. అయినా దించలేదు. ఎత్తిన తోక కొసన గవ్వ నిలబడి నాలిక చాచింది. మొదటిది తప్పిపోయింది. రెండోది ముక్కుకి తగిలి పోయింది. మూడోది...

"పట్టానమ్మా! మింగేశానమ్మా!"

ఆ అరుపుతోనే గవ్వ తోక మీద నుంచి బురదలోకి దూకింది. రెండేళ్ళుగా మోసిన బరువు ఒక్కసారిగా పోయేసరికి అలివేలు తూకం తప్పి, రాయి మీద నుంచి ముందుకి బోర్లాపడింది. ప్రధాన ఆలోచనాధికారి ముక్కు బురదలో జానెడు దిగింది. "దెబ్బ తగిలిందా తల్లీ?" అని అడుగుదామని నోరు తెరిచింది. నోటి నిండా ఉసిళ్ళు దూరాయి. ఎంత బాగున్నాయనుకున్నారు! అడగాల్సింది అడగనే లేదు. తల్లీకూతుళ్ళు బురదలో పక్కపక్కనే కూర్చుని నాలికలు చాచారు.

ఆ సందడికి గంగులు ఒక కన్ను తెరిచాడు.

"నా ఆలోచించడం అయిపోయిందహో!" అని కేకేసి పత్రం నోట్లో పెట్టుకుని మరీ దూకాడు. అంతే, జింకలు పత్రాలు తొక్కుకుంటూ వానలో గంతులేశాయి. నెమలి పింఛం సంగతే మర్చిపోయి గుటకాయ స్వాహా చేసింది. సాంబమూర్తి మెడ జానెడు సాగడం అడవి మొదటిసారి చూసింది. పావుగంటలో ఒక్క ఉసిలి మిగల్లేదు.

మరి ధర్మలింగం? పుట్ట వెనక అందరికన్నా ముందు నోరు తెరిచినవాడు ఆయనే. మొదటి ఉసిలి నాలిక దగ్గరికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే, మూడుసార్లు చదివిన పత్రం గుర్తొచ్చింది. రెక్క అడ్డం పడితే? నోరు మూశాడు. మెడ పక్కకి తిప్పి మళ్ళీ తెరిచాడు. నిలువుగా పడితే? మళ్ళీ మూశాడు. ఒకవేళ ఎవరైనా కళ్ళు తెరిస్తే? ఒకవేళ ఇంత రుచి వచ్చే ఏడు దొరక్కపోతే? తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ, మూస్తూ ఉండగానే ఆయన చుట్టూ రెక్కలు రాలడం మొదలైంది.

నీరసంగా కాళ్ళీడ్చుకుంటూ అలివేలు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, రెక్క అడ్డం పడితే అన్నదానికి జవాబేం రాశారు?"

"ఏం రాశానో ఏమోనండి. నోట్లో అవి ఉంటే గుర్తు రావట్లేదు," అంది అలివేలు మూతి తుడుచుకుంటూ.

మర్నాడు దర్బారు తీరింది. ప్రభువులు తామరాకు తీసి నిండుగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఈ ఏడు ఒక్క తుమ్ము లేదు! భేష్! శాఖ బ్రహ్మాండంగా పనిచేసింది."

ఉసిళ్ళు ముక్కులో దూరడానికి మిగిలితే కదా! అయినా ఎవరూ నోరు విప్పలేదు, విప్పితే త్రేన్పులొస్తాయని భయం. ధర్మలింగం ఖాళీ కడుపుతో లేచి నివేదిక చదివాడు. ఏ పత్రానికీ ముద్రలు పూర్తికాలేదు గనక ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. అనుమతి లేదు గనక ఎవరూ ఉసిళ్ళు తినలేదు. తినలేదు గనక తొలకరి ఇంకా రాలేదు. కాళ్ళకి ఆరని బురదతో అడవంతా ఆ నివేదిక కింద వేలిముద్రలేసింది.

అలివేలు మాత్రం వెయ్యలేదు. "రాయి మీరే ఉంచుకోండి, నాకు పనుంది," అని వెనక్కి తిరిగింది.

ధర్మలింగం గాభరాగా వెంటపడ్డాడు. "అదేంటమ్మా! మీరు వెళ్ళిపోతే ముందుముందు ఈ శాఖ ఏమైపోతుంది?"

ఏడాది కిందటైతే అలివేలు ఆ ప్రశ్న పట్టుకుని సాయంత్రం దాకా చుట్టుకుని ఉండేది.

"ఏమోనండి," అంది.

ఆ 'ఏమో' ధర్మలింగాన్ని కదలనివ్వలేదు. ఏమో అంటే మంచేనా, చెడ్డా? మంచైతే మొహం మీద చెప్పొచ్చు కదా, ఎందుకు చెప్పలేదు? ఆయన వెళ్ళి ఆ రాయెక్కి కూర్చున్నాడు. తోక ఒళ్ళో పెట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టాడు.

వాగు అవతల గవ్వ ఓ పుట్ట చుట్టూ తిరుగుతోంది. తల్లిని చూడగానే తన చిన్న గోళ్ళు చూపించింది.

"అమ్మా, ఇందులో చీమలున్నాయంటావా?"

"నాకేం తెలుసే? తవ్వు, చూద్దాం," అంది అలివేలు. ఇద్దరూ కలిసి మట్టి ఎగజిమ్మడం మొదలుపెట్టారు.

నీతి: ఏ పనైనా సరే, క్షుణ్ణంగా ఆలోచించే చెయ్యాలి, కాకపోతే ముందు ఆ పని కానిచ్చేసి, తర్వాత తీరుబడిగా కూర్చుని ఆలోచించుకోవాలి.